మీర్ ఇస్ట్ కాల్ట్ అంటే నాకు చలిగా ఉంది

మా కాలేజీలో లాంగ్వేజ్ ల్యాబ్ ఒకటుందని ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరిన ఆర్నెల్లకు గానీ నాకు తెలియలేదు. 30 కంప్యూటర్లు, 30 హెడ్‌ఫోన్లు, అన్నింటి మీదా నీలం గుడ్డ తొడుగులు. తాళంచెవి అటెండర్ అంకుల్ దగ్గర ఉండేది. ఆయన పెళ్లికో చావుకో సెలవు పెడితే ల్యాబ్‌కూ సెలవే. తనిఖీకి ఎవరో వస్తున్నారంటే మాత్రం తొడుగులు తీసి, కీబోర్డులు తడిగుడ్డతో తుడిచేవాళ్లు. నేను జర్మన్ నేర్చుకున్నది ఆ గదిలోనే. అంతా ఆ గదిలోనే అంటే అబద్ధమవుతుంది. సగం ఆ గదిలో, పావు వంతు నల్గొండ, నకిరేకల్ మధ్య బస్సులో, మిగతాది మా నిమ్మతోటలో.

జర్మన్ ఎందుకని అందరూ అడిగారు. మా సీనియర్ అక్క ఒకామె పీహెచ్‌డీకి జర్మనీ వెళ్లింది. అక్కడ ల్యాబ్‌లో ఇంగ్లిష్‌తో నడిచిపోతుందట. ల్యాబ్ గుమ్మం దాటితే కష్టమట. ఇంటి ఓనర్ రాసిన చీటీ, ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం, మందుల షాపు, అన్నీ జర్మన్‌లోనే. "వచ్చాక నేర్చుకుందువులే అని ఎవరన్నా చెప్తే నమ్మకు, వచ్చాక టైం దొరకదు" అని ఫోన్‌లో చెప్పింది. ఆ మాట పట్టుకుని ఆ రాత్రే ఒక యాప్ వేసుకున్నాను.

యాప్‌తో 94 రోజులు గడిపాను. ఒక్కరోజు కూడా తప్పలేదు, అదో పిచ్చి. రాత్రి పదకొండున్నరకు కరెంటు పోతే మొబైల్ డేటా పెట్టి మరీ ఆ రోజు లెక్క నిలబెట్టుకున్నాను. 95వ రోజు ఆ సీనియర్ అక్క వీడియో కాల్‌లో "ఏదీ, నీ గురించి రెండు ముక్కలు చెప్పు" అంది. నోరు పెగల్లేదు. నాలుగు జవాబుల్లో సరైనది నొక్కడం వచ్చింది గానీ, మాట రాలేదు. దానికి కారణం తర్వాత తెలిసింది. యాప్‌లో ఉన్నదంతా ఇంగ్లిష్ నుంచి జర్మన్‌కు. నేనేమో తెలుగులో అనుకుని, ఇంగ్లిష్‌లోకి మార్చుకుని, అక్కడి నుంచి జర్మన్‌కు పోవాలి. నకిరేకల్ నుంచి నల్గొండకు నేరుగా బస్సుండగా సూర్యాపేట పోయి చుట్టూ తిరిగి వచ్చినట్టు.

అదే టైంలో కాలేజీలో సర్టిఫికెట్ కోర్సు పెట్టారు. మంగళవారం, గురువారం సాయంత్రం నాలుగున్నరకు. హైదరాబాద్ నుంచి మేడమ్ తెర మీద కనిపిస్తుంది, మేం ల్యాబ్‌లో కూర్చుంటాం. మొదటి రోజు 41 మందిమి. చివరికి మిగిలింది 11 మందిమి.

మొదటి క్లాసులో మేడమ్ "మీ ఊరి పేరుకు అర్థమేంటి?" అని అడిగింది. నల్ల కొండ అన్నాం. "జర్మనీలో నల్ల అడవి ఉంది, ష్వార్త్స్‌వాల్ట్ అంటారు. మీది ష్వార్త్సర్ బెర్క్ అన్నమాట" అని, ష్వార్త్స్ అన్న పదాన్ని అందరి చేతా పలికించింది. అందరం "ష్వార్జ్" అన్నాం. అప్పుడు ఆవిడ "చలి" అనండి అంది. అన్నాం. "చుక్క" అనండి. అన్నాం. "ఇప్పుడు చీమ" అంది. "చలిలో మీ నాలుక ఎక్కడ తగిలింది, చీమలో ఎక్కడ తగిలింది?"

గదంతా చలి, చీమ, చలి, చీమ అని గొణుక్కుంది. నిజమే. చలిలో నాలుక కొస పళ్ల దగ్గర తగులుతుంది, త్స లాగా. చీమలో లోపలికి పోతుంది. పాత పుస్తకాల్లో ఈ తేడా చూపడానికి చ మీద చిన్న 2 అంకె వేసేవాళ్లట. ఆ అక్షరం ఇప్పటికీ ఫోన్‌లో దొరుకుతుంది, ౘ. జర్మన్‌లో జెడ్ అని రాసేదంతా ఈ చలిలోని చ. అది నా నోట్లో పుట్టినప్పటి నుంచీ ఉంది, యాప్ 94 రోజుల్లో ఒక్కసారీ చెప్పలేదు. చెప్పాలంటే దానికి తెలుగు రావాలి కదా.

అయితే చిక్కొకటుంది. తెలుగులో ఈ శబ్దం అ, ఉ, ఒ ముందు మాత్రమే వస్తుంది. ఇ, ఎ ముందు మళ్లీ చీమలోని చ అయిపోతుంది. అందుకే రైలుకు "త్సూక్" తేలిగ్గా అన్నాం. గదికి "త్సిమ్మర్" అనబోతే "చిమ్మర్" వచ్చేది. పదికి "త్సేన్" అనబోతే "చేన్". నిమ్మకాయకు "త్సిట్రోనె" అనాలి. నిమ్మతోట ఉన్న ఇంట్లో పుట్టి నిమ్మకాయ అనడానికి నాకు మూడు వారాలు పట్టింది.

కెమిస్ట్రీ వాళ్లకు ఇంకో నవ్వులాట. ఆర్గానిక్ కెమిస్ట్రీలో, అవే పరమాణువులు వేరే తీరుగా అమరిన ఐసోమర్లకు ఇ, జెడ్ అని పేర్లు పెడతాం కదా. జెడ్ అంటే త్సుజామెన్, కలిసి. ఇ అంటే ఎంట్‌గేగెన్, ఎదురుగా. డిగ్రీ నుంచీ మేం దాన్ని "జుసామెన్" అనే చదివాం, చెప్పినవాళ్లూ అట్లే చెప్పారు. జ్విట్టర్ అయాన్ కూడా అసలు త్స్విట్టర్. పొటాషియంకు కె ఎందుకో, సోడియంకు ఎన్ఏ ఎందుకో ఇంటర్‌లో బట్టీ పట్టాను. జర్మన్‌లో వాటిని ఇప్పటికీ కాలియుమ్, నాత్రియుమ్ అనే అంటారని తెలిసిన రోజు క్లాసయ్యాక మా బ్యాచ్ మొత్తం పీరియాడిక్ టేబుల్ ముందు నిలబడ్డాం.

ఉచ్చారణ నేర్చుకోవడానికి నాకు బాగా ఉపయోగపడింది ఏ ఖరీదైన సాఫ్ట్‌వేరూ కాదు. ఫోన్‌లోని వాయిస్ టైపింగ్. భాషను జర్మన్‌కు మార్చి, మైకు నొక్కి మాట్లాడాలి. విన్నది విన్నట్టు రాస్తుంది, మొహమాటం లేదు. నేను "పది" అనుకుని పలికితే అది "అందమైన" అన్న పదం రాసేది. పొద్దున తోటలో డ్రిప్ పైపులు చూసుకుంటూ త్సేన్, త్సేన్, త్సేన్ అంటుంటే మా నాయినమ్మ గట్టు మీద నుంచి, "ఏందే పిల్లా, చెట్లతోని ముచ్చట పెడుతున్నవా?" అంది. పది రోజులకు ఫోన్ 10 అని అంకె రాసింది. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టాను.

ఇంకో చిట్కా సెల్ఫీ కెమెరా. జర్మన్‌లో ఉ మీద రెండు చుక్కలుండే అచ్చు ఒకటుంది. పెదాలు "ఊ" అన్నట్టు గుండ్రంగా పెట్టి లోపల "ఈ" అనాలి. అద్దంలో చూసుకున్నట్టు కెమెరాలో పెదాలు చూసుకుంటూ అంటే వస్తుంది, లేదంటే రాదు. బస్సులో చేయకండి. పక్కసీటావిడ నన్ను ఒకలా చూసింది.

గొంతులో గీరినట్టు వచ్చే ఖ మాత్రం మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి మొదటి రోజే వచ్చేసింది. వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడతారు. "ఖబర్, ఖర్చ్" అని వాళ్ల అమ్మ అనే ఖనే అది. "నాఖ్ట్" అని తను అంటే మేడమ్ చప్పట్లు కొట్టింది. ఆ ఖకు మాకు తనే టీచర్.

ఇక వ్యాకరణం. జర్మన్ అనగానే అందరూ భయపెట్టేది దీనితోనే. నాలుగో వారంలో మేడమ్ తెర మీద ఒక వాక్యం పెట్టింది. మీర్ ఇస్ట్ కాల్ట్. ఇంగ్లిష్‌లో "ఐ యామ్ కోల్డ్" అని రాసుకున్నాం. "ఇష్ అంటే నేను కదా, ఇష్ బిన్ కాల్ట్ అనాలి కదా" అని ఎవరో అడిగారు. ఆవిడ, "నల్గొండలో చలేస్తే ఏమంటారు? నేను చలిగా ఉన్నాను అంటారా?" అంది.

నాకు చలిగా ఉంది. మీర్ అంటే "నాకు". ఇస్ట్ "ఉంది". కాల్ట్ "చలిగా". ఒక్క మాటా వదలకుండా సరిపోయింది. "నాకు నచ్చింది" అన్నదానికీ అక్కడ "నాకు"తోనే, గెఫెల్ట్ మీర్. డేటివ్ కేసు అని పుస్తకంలో మూడు పేజీలున్న విషయం మా నాయినమ్మ రోజూ వాడే "కు" విభక్తి.

ఆ రోజు ఇంటికొచ్చి నోట్సంతా మళ్లీ రాసుకున్నాను, ఈసారి ఇంగ్లిష్ తీసేసి తెలుగులో. చాలా చోట్ల దారి దగ్గరైంది. "ఎందుకంటే" అన్న అర్థమున్న వాయ్ల్ వస్తే క్రియ వాక్యం చివరికి పోతుంది. ఇంగ్లిష్ మీడియం వాళ్లు అక్కడ తల పట్టుకున్నారు. మనకు క్రియ చివర్లో ఉండటమే అలవాటు. నువ్వు, మీరు తేడా కూడా అంతే, డూ అంటే నువ్వు, జీ అంటే మీరు. గౌరవానికి "జీ" అనడం తెలంగాణలో ఎవరికి కొత్త? పైగా వాళ్లూ అమ్మమ్మను, నాయినమ్మను డూ అనే పిలుస్తారు. మా ఊళ్లోనూ నాయినమ్మను నువ్వనే అంటాం, పట్నం చుట్టాలొస్తే మాత్రం ఏదో తప్పు చేసినట్టు చూస్తారు.

తెలుగు అన్నిచోట్లా ఆదుకోలేదు. డేర్, డీ, డాస్ అని ప్రతి నామవాచకానికీ ముందు ఒక ముక్క. బల్ల మగది, దీపం ఆడది. దీనికి దారి లేదు, బట్టీయే. అంకెలు ఇంకా ఘోరం. 21ని "ఒకటీ ఇరవై" అంటారు. ఫోన్ నంబర్ జతలుగా చెబితే రాసుకునేలోపు చెయ్యి వెనక్కీ ముందుకూ పోతుంది.

బట్టీకి అంకి అనే ఉచిత యాప్ వాడాను. అంకి అంటే జపనీస్‌లో బట్టీ పట్టడమనే అర్థం. కార్డుకు ఒక వైపు ప్రశ్న, ఇంకో వైపు జవాబు. గుర్తుంటే కొన్ని రోజుల తర్వాత అడుగుతుంది, గుర్తులేకపోతే వెంటనే అడుగుతుంది. దీని వెనక ఉన్న లెక్క పాతదే. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలను తనే బట్టీ పట్టి, ఎంత తొందరగా మరిచిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. మా నాన్నకు ఇది చెబితే, "లేత మొక్కకు రోజూ నీళ్లు, కాపుకొచ్చిన చెట్టుకు ఆగి ఆగి. గిది మాకు తెల్వదా" అన్నాడు. నా కార్డుల్లో మొదటి 300 నెట్‌లో ఎవరో తయారుచేసి పెట్టినవి. అవి నిలవలేదు. నేను సొంతంగా, తోట ఫొటోలూ ఇంటి ఫొటోలూ పెట్టి చేసుకున్నవి నిలిచాయి. బల్ల అనగానే ఎవరిదో బల్ల కాదు, మా వంటింట్లో ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల గుర్తొస్తే డేర్ కూడా దాంతోపాటే వచ్చేది.

నెట్ గురించి చెప్పకపోతే ఈ కథ కాదు. ల్యాబ్‌లో కనెక్షన్ 11 మందికీ కలిపి ఒక వీడియోను కూడా సరిగ్గా లాగేది కాదు. మేడమ్ నోరు తెరిచి ఆగిపోయేది, కాసేపటికి ముగ్గురి గొంతులు ఒకేసారి వచ్చేవి. భాష నేర్చుకునే క్లాసులో శబ్దం తెగిపోతే ఇంకేం మిగులుతుంది? రెండు నెలలు కంప్లయింట్లు రాసి, చివరికి మేమే దారి మార్చుకున్నాం. క్లాసులో వీడియోలు ఆపేసి శబ్దం మాత్రం ఉంచాం. రోజూ రాత్రి తొమ్మిదిలోపు ఒక్కొక్కరు ఒక నిమిషం వాయిస్ మెసేజ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఆ రోజు ఏం తిన్నాం, ఏ బస్సెక్కాం, ఏదైనా సరే. మేడమ్ మర్నాడు పొద్దున వాటిని విని, తప్పున్న ముక్కను మాత్రం తన గొంతుతో తిరిగి పంపేది. ఊళ్లో సిగ్నల్ ఒక గీతే ఉన్నా వాయిస్ మెసేజ్ పోతుంది, కాస్త ఆలస్యంగా. నన్నడిగితే ఆ ఏడాదిలో మాకు పనికొచ్చిన టెక్నాలజీ ఇదే. 30 కంప్యూటర్లు కాదు.

జర్మన్ ప్రసార సంస్థ డాయిచె వెలె వాళ్ల ఉచిత పాఠాలు కూడా చూశాను, బాగుంటాయి, డౌన్‌లోడ్ చేసుకుంటే బస్సులో చూడొచ్చు. ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ స్వయంలో ఐఐటీ మద్రాస్ జర్మన్ కోర్సు ఉంది, అది కాస్త కాలేజీ పాఠంలా నడుస్తుంది, వ్యాకరణం క్రమంగా కావాలనుకునే వాళ్లకు మంచిది. రెండూ కొంత దూరం వరకే వెళ్లాను.

ఏఐ సంగతి. ఇందులో నా తప్పుంది, దాచను. స్నేహితురాలికి పుట్టినరోజు ఉత్తరం రాయమని హోంవర్క్ ఇచ్చారు, 30 పదాలు. ప్రాక్టికల్ రికార్డుల హడావుడిలో చాట్‌బాట్‌తో రాయించి పంపేశాను. మర్నాడు మేడమ్ నన్ను పిలిచి, ఉత్తరంలో ఒక పదం చూపించి చదవమంది. నిష్ట్స్‌డెస్టోట్రొట్స్. మూడుసార్లు ప్రయత్నించాను. "దీనికి అర్థం చెప్పు." చెప్పలేకపోయాను. "అయినప్పటికీ" అని అర్థమట. రెండో నెలలో ఉన్న పిల్ల అయినప్పటికీ అని రాయదు కదా. మేడమ్ తిట్టలేదు. ఆ పదాన్ని ఆ వారమంతా నా పేరు బదులు పిలుపుగా వాడింది.

తర్వాత ఆవిడే ఒక పద్ధతి పెట్టింది. ఏఐతో రాయించొద్దు, మాట్లాడండి. బేకరీలో అమ్మేవాడివి నువ్వు, నేను కొనేదాన్ని, తేలిక మాటలే వాడు, నా తప్పులు చివర్లో చెప్పు అని ముందే చెప్పి మొదలుపెట్టాలి. దీంతో సిగ్గు పోయింది. మనిషి ముందు తడబడితే ఉండే టెన్షన్ దాని ముందు ఉండదు. కానీ అది చెప్పిందంతా నమ్మితే మునిగిపోతాం. ఒకసారి తెలుగులో వివరించమంటే, తెలుగు క్రియల్లో ఆడ, మగ, నపుంసక లింగాలకు మూడు వేరువేరు రూపాలుంటాయని చెప్పింది. "ఆమె వచ్చింది, బస్సు వచ్చింది" అని రాసి పంపితే క్షమాపణ చెప్పింది. ఆ గొడవ వల్లే ఒక సంగతి తట్టింది. జర్మన్‌లో అమ్మాయికి మేట్‌షెన్ అంటారు, అది డాస్, అంటే నపుంసకం. ముద్దుగా చిన్నది అని చెప్పే "షెన్" చేరితే ఏ పదమైనా డాస్ అవుతుంది. అమ్మాయి నపుంసకమేంటని నెట్‌లో అందరూ జోకులేస్తారు. మా ఊళ్లో "పిల్ల వచ్చింది, బర్రె వచ్చింది" అని ఒకే క్రియతో పిలిపించుకుని పెరిగిన నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

జర్మన్‌లో మొదటి మెట్టు ఏ1, ఆ పరీక్ష హైదరాబాద్‌లో రాశాను. మా నాన్న తోడొచ్చాడు. తెల్లవారుజాము బస్సు, ఎల్‌బీ నగర్‌లో దిగి మెట్రో. వినడం 20 నిమిషాలు, చదవడం 25, రాయడం 20. వినడంలో మొదటి భాగం, మూడో భాగం రెండుసార్లు వినిపిస్తారు. మధ్య భాగం, స్టేషన్‌లో, షాపుల్లో వచ్చే ప్రకటనలు, ఒక్కసారే. మాకు ల్యాబ్‌లో హెడ్‌ఫోన్లు అలవాటు. అక్కడ గది మధ్యలో ఒక స్పీకరు. మొదట గుండె జారింది. తర్వాత నల్గొండ బస్టాండ్ గుర్తొచ్చింది. ఆ మైకులో సగం మాటలు గరగరలో పోయినా ఏ ప్లాట్‌ఫాం, ఎన్ని గంటలకు అన్నది పట్టుకోవడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే కదా. అలాగే విన్నాను. రైలు ఎన్నో ప్లాట్‌ఫామో దొరికింది.

మాట్లాడే పరీక్షకు నలుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. ముందు ఎవరి గురించి వాళ్లు చెప్పాలి. పేరు, వయసు, ఊరు, భాషలు, చదువు, హాబీ. తర్వాత కార్డు తీసి పక్కవాళ్లను ప్రశ్న అడగాలి, ఇంకో కార్డు తీసి ఏదన్నా ఇమ్మని మర్యాదగా అడగాలి. ఊరి పేరు స్పెల్లింగ్ చెప్పమన్నారు. ఎన్, ఆ, ఎల్, గే, ఓ, ఎన్, డే, ఆ. అది నేను వందసార్లు తోటలో చెప్పుకున్నదే. ఫోన్ నంబర్ జతలు కట్టకుండా ఒక్కో అంకె చెప్పాను, ఎవరూ వద్దనలేదు. నా పక్కనున్న నర్సింగ్ అమ్మాయి చేతులు వణుకుతున్నాయి. నా ప్రశ్న తనకే వచ్చింది, వారాంతంలో ఏం చేస్తారని. తను "శ్లాఫెన్" అంది, నిద్రపోతానని. పరీక్ష పెట్టేవాళ్లు కూడా నవ్వారు.

100కు 76 వచ్చాయి, 60 వస్తే పాస్. బెఫ్రీడిగెంట్ అని రాసి ఉంది, తృప్తికరం. మార్కులు పోయింది ఎక్కువగా రాయడంలోనే. ఆ హోంవర్క్ ఉత్తరం నేనే రాసుంటే పరీక్షలో ఇన్ని పోయేవి కావేమో.

ఇప్పుడు ఏ2 నడుస్తోంది. కొత్త బ్యాచ్‌కు ఇవ్వడానికి తెలుగు కార్డులు తయారు చేయమని మేడమ్ నాకు పని అప్పజెప్పింది. "నాకు చలిగా ఉంది" మొదటి కార్డు. పోయిన వారం "డొఖ్" అన్న పదం దగ్గర ఆగిపోయాను. ఎవరైనా "నువ్వు రాలేదా?" అని అడిగితే, వచ్చాను అని చెప్పడానికి "యా" అనకూడదు, "డొఖ్" అనాలి. ఇంగ్లిష్‌లో దీనికి ఒక్క మాట లేదు. తెలుగులో "అవును" అన్నా "కాదు" అన్నా అర్థం తేడా కొడుతుంది. రెండు రోజులు కార్డు వెనక వైపు ఖాళీగానే ఉంది.

నిన్న పొద్దుపోయాక ఇంటికెళ్లాను. నాయినమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏం నాయినమ్మా, ఇంకా బువ్వ తినలేదా?"

"ఎందుకు తినలే!" అంది విసురుగా.

చెప్పులు కూడా విప్పకుండా ఫోన్ తీసి కార్డు వెనక అదే రాశాను.